దారానికి పట్టిన కలకండ

పొయ్యి పక్కన ఉప్పు జాడీ ఉన్నట్టే ప్రతి ఇంట్లోనూ కిరణాల పెట్టె ఉండే కాలం అది. ఏ పలుకులో అణువులు ఎలా అమరాయో అది చూసి, సరేనన్నాకే దాన్ని నోట్లో వేసుకోవాలి. ఆ ఉదయం సామర్లకోటలో హైమవతమ్మ, తాను దారం మీద పెంచిన కలకండను అందులో పెట్టగానే ఎర్రదీపం వెలిగింది. ఆ అమరిక ఏదో కంపెనీ సొంతమట! మధ్యాహ్నానికల్లా పొయ్యికి సీలు వేయడానికి ఇన్‌స్పెక్టరు దిగాడు.

“మా అమ్మమ్మ నాటి నుంచీ చేసుకుంటున్నాం బాబూ.”

“ఆవిడ రిజిస్టరు చేయించలేదుగా మామ్మగారూ! నా ఎదురుగా కరిగించెయ్యండి, సీలు వెయ్యను.”

హైమవతమ్మకు ఒళ్లు మండింది. అయినా కలకండను గిన్నెలో వేసి, కాసిన్ని నీళ్లు పోసి, ఆఖరి పలుకు దాకా కరిగించింది. పాకంలో ఏ అమరికా లేదని పెట్టె పచ్చగా వెలిగింది. అతను గుమ్మం దాటేలోగా ఆవిడ గరిటె కాడకు కొత్త దారం కట్టి, పాకంలోకి వేలాడదీసింది.

“మళ్లీ ఇదేంటండీ!”

“దారం కట్టాను, అంతే. ఎలా సర్దుకుని కూర్చోవాలో పంచదారకు నేను చెప్పానా, మీ కంపెనీ చెప్పిందా? దానికి తెలిసినట్టు అది కూర్చుంటుంది. వారం పోయాక రా. కేసేదో ఆ పంచదార మీదే పెట్టుకుందువు గాని.”

పక్కింటి సత్యవేణి పిట్టగోడ మీంచి చెయ్యి చాపింది.

“పిన్నిగారూ, నాకూ ఓ మూరెడు దారం ఇవ్వండి.”