చట్రంలో మూడు గింజలు

ఈ కథలో గింజంత అబద్ధం దొరికినా నా మీసం ఒకవైపు గొరిగించుకుంటాను. వినండి.

పొద్దున్నే అందరూ టీల దగ్గర గుమిగూడి ఉండగా, కోత మిషన్ల ఏజెంటు ఊరి పాత మిషన్ కిందకి దూరి, పంకా మర నాలుగు చుట్లు బిగించి, ఏమీ ఎరగనట్టు చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. పంకా జోరెక్కితే పొట్టుతో పాటు గింజ కూడా వెనకనుంచి ఎగిరి నేలపాలవుతుంది. ఆ రోజే పోటీ. ఏజెంటు తెచ్చిన కొత్త మిషన్ గెలిస్తే రైతు సంఘం దాన్ని కొంటుంది. పాతది తుక్కులోకి, దాని మీద ఇరవై ఏళ్లుగా కూర్చున్న డ్రైవరు ఇంటికి.

లెక్కలు చూసే అధికారిని కూడా ఏజెంటే ఏరికోరి రప్పించాడు. పరాయి ఇంట్లో మంచినీళ్లైనా ముట్టడు, మనిషి నిప్పు. అలాంటివాడు పాతది పనికిరాదంటే ఇక నోరెత్తేవాడు ఉండడు.

అధికారి వదులు కోటు తొడుక్కుని, ఇనప చట్రం చంకన పెట్టుకుని దిగాడు. మిషన్ ముందుకెళ్లాక దాని వెనక నేల మీద చట్రం వేసి, అందులో రాలిన గింజలు ఒక్కొక్కటే ఏరి లెక్కపెట్టడం ఆయన పద్ధతి.

"పది అడుగుల లోపలికి ఎవరూ రాకండి. తొక్కారంటే గింజలు మట్టిలో దిగిపోతాయి" అన్నాడు.

నిటారుగా ఉన్న వరిలో కొత్త మిషన్‌కి నలభై గింజలు. పాతదానికి మూడు!

ఏజెంటు చెవిలో వేలు పెట్టి తిప్పుకున్నాడు.

గాలికి ఒరిగిన వరిలో కొత్తది నూటపది, పాతది అయిదు. తేమ ఆరని సోయాలో కొత్తది అరవై, పాతది రెండంటే రెండు.

"ఏం మాయ చేశావయ్యా?" ఏజెంటు డ్రైవరు మీద పడ్డాడు.

"మాయేముంది సార్. ముసలిది కదా, పళ్లు లేవు. నిదానంగా నములుతుంది."

ఏజెంటు వాడి జేబులు దులిపించాడు. చిరిగిన రుమాలు రాలింది. కోళ్లు తినేస్తున్నాయేమోనని కర్ర పట్టుకుని తరిమాడు. అవి అటు తిరిగీ ఇటు తిరిగీ అధికారి కాళ్ల దగ్గర చేరి, కోటు అంచులు పొడవడం మొదలుపెట్టాయి.

"చూశారా, కోళ్లక్కూడా పెద్దమనిషంటే ఎంత గౌరవమో!" అన్నాడు సంఘం పెద్ద.

ఏజెంటుకి ఒళ్లు మండిపోయింది. "గౌరవం సంగతి తర్వాత! గింజ రాలకుండా ఎలా ఉంటుందండీ? పంకా నాలుగు చుట్లు బిగించింది నేనే కదా!"

జనమంతా కోళ్లని వదిలి అతనివైపు తిరిగారు. ఏజెంటు నాలుక కరుచుకున్నాడు గానీ, అప్పటికే ఆలస్యమైపోయింది.

కొత్త మిషన్ వచ్చిన దారినే పోయింది. డ్రైవరు రుమాలుతో సీటు దులుపుకుని పాతదాని మీద ఎక్కి కూర్చున్నాడు.

సరే, కత్తి తెండి, మీసం తీయించుకుంటాను. ఇందులో నేను కల్పించింది ఒక్కటే, ఆ అధికారి నిప్పన్న మాట: ఆ కోటులో ఉన్నది నేనే, జేబులు బాగా లోతు, పైగా ఆ డ్రైవరు మా ఆవిడకి స్వయానా తమ్ముడు.