బనానా బోటెక్కిన అత్త

"ఒక్క ఫోటో లేదు," అంది అంబిక. "కన్నబిడ్డకు పుట్టెంట్రుకలు తీయిస్తే, చూసుకోడానికి ఒక్క ఫోటో లేదు."

చందాపుర సర్కిల్లో క్యాబ్ ఆగిపోయి పది నిమిషాలైంది. ముందు కంపెనీ బస్సులు, వెనక కంపెనీ బస్సులు. డ్రైవర్ పక్కన కూర్చున్న అత్త పుష్పావతి ఆ మాటకు తల తిప్పలేదు. వెనక సీట్లో దేవరాజ్ ఒళ్ళో ఐదేళ్ళు నిండబోతున్న కూతురు నళిని, గుండు మీద గంధం పెచ్చులు కట్టి, నోరు తెరుచుకుని నిద్రపోతోంది.

"మెల్లగా మాట్లాడు," అన్నాడు దేవరాజ్. "అమ్మకు వినపడతాది."

"వినపడాలనే చెప్తా ఉండాను."

అంబికకు ఒళ్ళు మండుతోంది. మండదా మరి? అసలు మొక్కు ఎవరిది? అత్తది. సముద్రం మధ్య దీవి మీద వెలసిన అమ్మవారు వాళ్ళ ఇంటి దేవత. మూడో ఏటే తీర్చాల్సిన మొక్కు. అప్పుడు పడవ రేవు దాకా పోయారు కూడా. నగర్తపేటలో ఒక దాయాది పోయాడని అక్కడ ఫోను వచ్చింది. చావు కబురు చెవిన పడ్డాక మైలే, ఇంక మొక్కెక్కడిది అని అందర్నీ వెనక్కి తిప్పింది సాక్షాత్తూ ఈ అత్తే. రెండేళ్ళుగా ఆ జుట్టు చిక్కులు తీయలేక అంబిక చేతులు పడిపోయాయి. ఐదో ఏడు కూడా ఇంకో పది రోజుల్లో దాటిపోతుంది. ఈ బేసి సంవత్సరం తప్పితే మళ్ళీ ఏడో ఏడు దాకా ఆగాలి.

అందుకే ఈసారి అంబికే పూనుకుని టికెట్లు తీసింది. ఒక్కరోజు ప్యాకేజీ. పదకొండుకు గుడి, మధ్యాహ్నం నీళ్ళ ఆటలు, సాయంత్రం తిరుగు పడవ. అత్త నెల రోజులు సణిగింది. "మొక్కు తీర్చే చోట ఆటలేమమ్మా? దేవర దగ్గరికి పోతాండామా, ఎగ్జిబిషన్‌కా?"

అంత సణిగిన మనిషి దీవిలో దిగిన అరగంటకే ఏం చేసింది? ఫోను చెవికి పెట్టుకుని ఒడ్డు వెంట అటు పోయింది. తిరిగొచ్చి, "మీ ఫోన్లు ఇట్లియ్యండి, నీళ్ళల్లో పడితే పాడైపోతాయి," అని రెండూ లాక్కుని, ఆఫ్ చేసి తన సంచిలో వేసుకుంది. నేరుగా బనానా బోట్ దగ్గరికి నడిచింది.

"అత్తా, గుడికి టైమైతాది. ఆటలు మధ్యాహ్నం కదా," అంది అంబిక.

"నేనిప్పుడే ఎక్కల్ల."

"ఈ చీరతోనా?"

"చీరతోనే. చివర్లో నీళ్ళల్లో పడేస్తారంట కదా. పడేయమను."

అరవై రెండేళ్ళ మనిషి, కాలేజీ పిల్లల మధ్య మోటారు పడవ లాగే ఆ పసుప్పచ్చ గాలి గొట్టం మీద కూర్చుని పోయింది. ఒడ్డుకు దగ్గర్లో అందర్నీ బోర్లా వేశారు. మిగతావాళ్ళు కేరింతలు కొడుతూ వచ్చేస్తే ఈవిడ లైఫ్ జాకెట్ విప్పి, నడుములోతు నీళ్ళలో ముక్కు మూసుకుని మూడు మునకలు వేసింది. బయటికొచ్చేసరికి కళ్ళు చింతనిప్పులు.

"ఏమత్తా ఆ కళ్ళు?"

"ఉప్పునీళ్ళు."

పోనీ, గుడికైనా వచ్చిందా? తడిచీరతో రానంది. పొడిచీర సంచిలో అంబికే మడిచి పెట్టింది, ఆ సంగతి చెప్పినా రానంది. "అవ్వా" అని పిల్ల కొంగు పట్టుకోబోతే రెండడుగులు వెనక్కి వేసి, "తడి, ముట్టుకోవద్దు" అంది. లోపల మంగలి మొదటి కత్తెర వేసినప్పుడు ఆవిడ ప్రహరీ బయట ఎండలో నిలబడి ఉంది. ఫోటోకు ఫోను అడిగితే ఇంటికి పోయినాకే అంది. ప్రసాదం ఇస్తే చెయ్యి చాపలేదు. మధ్యాహ్నం మాత్రం, "డబ్బు కట్టినారు కదా, పొయ్యి ఆడుకోండి" అని వాళ్ళను తరిమి, తాను అటు తిరిగి కూర్చుంది.

"ఆ ప్యాకేజీ నేను తీసినాననే కసి," అంది అంబిక ఇప్పుడు. "ఆటలు కావాల్నా, ఇదో చూడు ఆటలు, అని నా మొగాన కొట్టింది. లేకపోతే మనవరాలి మొక్కు వదిలేసి ఎవరన్నా బోటెక్కుతారా?"

"పెద్దామె. ఏదో ఆశ పుట్టింటాది, వదిలెయ్," అన్నాడు దేవరాజ్.

"బిడ్డను ముట్టుకోను కూడా లేదప్పా నిన్నట్నించి. రాత్రి బస్సులో కూడా వేరే సీటుకు పోయింది. అది కూడా ఆశేనా?"

దేవరాజ్ పాపను ఒళ్ళో సర్దుకున్నాడు. పుష్పావతి అద్దంలోంచి రోడ్డునే చూస్తోంది.

క్యాబ్ ఇంటి ముందు ఆగింది. అందరూ దిగారు. అత్త గేటు తీయకుండా, సంచి గుండెకు అదుముకుని అడ్డంగా నిలబడింది. ఆ నిలబడటం చూసేసరికి అంబికకు మిగిలిన ఓర్పు కూడా పోయింది.

"జరగండత్తా. స్నానం చేసి వర్తూరు పోవల్ల. చెన్నరాయప్ప మామ మంచంలో ఉండి కూడా, పాప గుండు చూడాల, ముందు నాకే తెచ్చి చూపించండి అన్నాడు. మీ మరిదికి ఉండే ఆపేక్ష మీకు లేకపాయె."

పుష్పావతి నిద్రపోతున్న పిల్ల గుండు వైపు చూసింది.

"మొక్కు సక్రమంగా తీరింది కదా అంబికా? ఏ లోపమూ లేదు కదా?"

"మాకేం లోపం? తీరింది."

"అయితే ఇంక చెప్పొచ్చు," అంటూ ఆవిడ సంచిలోంచి రెండు ఫోన్లూ తీసి గేటు దిమ్మె మీద పెట్టింది.

"చెన్నరాయప్ప నిన్న పొద్దున్నే పోయినాడు."