కింది వాటాలో బండి

వదిన ట్రాలీ ఆటోలోంచి దింపిస్తున్న మోటార్‌సైకిల్‌ని చూసి, మేడ దిగుతున్నవాడు సగం మెట్ల మీదే ఆగిపోయాడు.

టైర్లు లేవు. సీటు లేదు. నంబరు ప్లేటు లేదు. ఒళ్ళంతా మట్టి. ఆ మట్టి కింద, ట్యాంకు మీద అక్కడక్కడా ఎరుపు. ముందు మడ్‌గార్డుకి ఎడమవైపు పెద్ద సొట్ట.

"ఎక్కడిది వదినా?" అక్కణ్ణుంచే అడిగాడు.

"పడి ఉంటే తెచ్చుకున్నానయ్యా. బాగుచేద్దామని."

"నీకెందుకు ఈ గోల?"

"మీ అన్నయ్య పోయాక కుట్టుమిషన్లు బాగుచెయ్యడం నేర్చుకోలేదా? ఇదీ అంతే. దీని చక్రాలు రోడ్డెక్కుతాయి, దానివి ఎక్కవు," అని కొంగు నడుముకి చుట్టుకుంది.

అన్న పోయి రెండేళ్ళు. వానలో కుట్టుమిషన్ల కొట్టు మూసి నడిచి వస్తుంటే ఎవరో బండితో గుద్ది, ఆగకుండా పోయారు. వెంటనే ఆస్పత్రికి తెచ్చి ఉంటే బతికేవాడన్నాడు డాక్టరు. ఆ మాట విని అందరికంటే ఎక్కువ ఏడ్చింది తమ్ముడే.

ఏడవడా మరి? గుద్దింది అతనే. హోరున వాన, వెలగని లైటు, ఎవరో అడ్డం వచ్చారు. పడ్డవాడు ఎవరో ఇంటికొచ్చాకే తెలిసింది. బండి అంతకుముందు రోజే దొంగలెత్తుకుపోయారని అందరికీ చెప్పాడు, పోలీసులకి తప్ప. నిజానికి దాన్ని తీసుకెళ్ళి ఊరి బయట పాడుబడ్డ రాతి క్వారీ గుంటలోకి తోసేశాడు. ఈ ఎండలకి ఆ గుంట ఎండిపోతోందని విన్నప్పటినుంచి అతనికి ముద్ద దిగడం లేదు.

ఇప్పుడిది. సరిగ్గా తన ఇంటి వసారాలోకే వచ్చి కూర్చుంది.

వదిన కొట్టు నుంచి రాగానే గోనెసంచి పరుచుకుని పనిలో దిగేది. కిరసనాయిలు డబ్బా, వైరు బ్రష్షు, గరుకు కాగితం. ఆమె తుప్పు గీకుతుంటే ఆ చప్పుడు పై వాటాలో అతని కంచం దాకా వచ్చేది. కార్బురేటరు విప్పింది. పాత టూత్‌బ్రష్షుతో తోమి, ముక్కలన్నీ పేపరు మీద ఆరబెట్టింది. గొలుసుని నూనెలో నానబెట్టింది. రోజుకో చోట తుప్పు వదిలి ఇనుము బయటపడుతుంటే అతనికి పైప్రాణాలు పైనే పోతున్నాయి.

"బండి చేస్తోంది మీ వదిన, చిక్కిపోతోంది మీరు. ఇదేం విడ్డూరం?" అంది భార్య.

ఒక సాయంత్రం వదినే పిలిచింది.

"ఏమయ్యా, నీ బండీ ఇలాంటిదే కదా. ట్యాంకుకి ఎరుపే వేయించమంటావా?"

"నలుపు బాగుంటుంది వదినా."

"నలుపే వేద్దాంలే. ముందు నంబరు చూడాలి. ఇంజిన్ మీద చెక్కి ఉంటుందటగా? అక్కడ మట్టి మొండిగా పట్టేసింది. ఆదివారం తీరిగ్గా నానబెట్టి తోముతా. నంబరు తెలిస్తే బండి ఎవరిదో ఇట్టే చెప్పేస్తారట."

"ఎవరిదైతే నీకేం?"

"అలా అంటావేంటి? పోగొట్టుకున్నవాళ్ళ బాధ నీకు తెలియంది కాదు."

ఆమె తలెత్తలేదు. బ్రష్షు ఆపలేదు. అతను మెట్లెక్కి తలుపు గడియ పెట్టుకున్నాడు.

మర్నాడు క్వారీ దాకా వెళ్ళి గుంటలో చూద్దామని బయలుదేరాడు. సగం దూరం వెళ్ళాక, తాను తొంగిచూస్తుంటే ఎవరి కంటైనా పడితే కొంప మునుగుతుందని వెనక్కి తిరిగాడు.

ఆ వారమే బండి లేచింది. వదిన నాలుగు కిక్కులు కొట్టింది. అయిదోదానికి ఇంజిన్ దగ్గి, పొగ కక్కి, అందుకుంది. వీధిలో వాళ్ళు గేటు దగ్గర చేరి భేష్ అన్నారు. పైన అతను కిటికీ రెక్కలు మూసేశాడు. అది తన బండి గొంతే. అనుమానం లేదు.

శనివారం మధ్యాహ్నం వదిన కొట్టుకి వెళ్ళింది. భార్య పడుకుంది. అతను ఆకురాయి పట్టుకుని, చెప్పులు చేత్తో పట్టుకుని కిందికి దిగాడు.

బండి పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఇంజిన్ పక్కన గట్టిగా పేరుకున్న మట్టిని గోళ్ళతో పీకాడు. అంకెలు కనిపించాయి. వాటిని చదివే ధైర్యం కూడా చాలలేదు. మొహం పక్కకి తిప్పుకుని ఆకురాయితో అరగదీయడం మొదలుపెట్టాడు. చెమట కళ్ళలోకి కారుతున్నా ఆగలేదు. వేలికి ఏమీ తగలనంత నున్నగా అయ్యాకే ఆపాడు.

హమ్మయ్య అనుకుని లేచేసరికి, వెనకాల గుమ్మం మీద వదిన కూర్చుని ఉంది.

ఎప్పుడొచ్చిందో తెలియదు. అతని చేతిలోని ఆకురాయినే చూస్తోంది.

అతను ఆకురాయి కింద పెట్టేశాడు. రెండేళ్ళుగా దాచుకున్నది ఒక్కసారిగా బయటికి తన్నుకొచ్చింది.

"వానలో కనబడలేదు వదినా... అన్నయ్యని తెలిస్తే ఆగేవాణ్ణి. ఒట్టు, ఆగేవాణ్ణి..."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదిలిపోయాయి. మొహం తుడుచుకుని, మామూలుగానే అడిగింది.

"నంబరు చదివావా?"

లేదన్నట్టు తలూపాడు.

"చదవాల్సిందయ్యా," అంది వదిన, "పక్క ఊళ్ళో పాత ఇనుప కొట్టులో తూకానికి కొన్న బండి ఇది, నీది కాదు, ఆ నంబరు మీది మట్టి మన పెరట్లోదే, నేనే పూశాను."