కింది పిన్ను

సీమోను మోకాలు వంగదు. మెడ అంతకన్నా వంగదు. మోకాలికైతే డాక్టరు చెప్పిన కారణం ఒకటుంది. మెడ సంగతే, పదహారేళ్ల కాపురం చేసినా రాహేలుకు అంతుచిక్కలేదు.

ఆ ఆదివారం సీమోను చర్చి నుంచి వచ్చేసరికి, లాల్‌దర్వాజా ఇంటి వాకిట్లో అతని ఎర్రటి పాత స్పోర్ట్స్ కారు ముందుభాగం మొద్దులమీదికి లేచి ఉంది. కింద ఎవరో దూరి ఉన్నారు. కాళ్లే కనిపిస్తున్నాయి.

"ఎవరీయన?"

"బార్కస్ బస్తీ మెకానిక్. నేనే పిలిపించిన. మాటలు రావు. ఔనంటే పానాతోని ఒకసారి కొడతడు, కాదంటే రెండుసార్లు."

"మంచిదే. ఈ ఇంట్ల నోరులేనోళ్లు ఒక్కరన్న ఉండాలె."

ఆరేళ్ల కింద ఈ కారునే రాహేలు తమ్ముడు ఇశ్రాయేలు నడుపుతూ గోడకు గుద్దాడు. పక్కన కూర్చున్న సీమోను మోకాలు విరిగింది.

"నేను స్టీరింగు తిప్పలే బావా, బండే ఎడమకు గుంజింది" అన్నాడు తమ్ముడు.

"అబద్ధాలకోరు! నా గడప తొక్కకు" అన్నాడు సీమోను.

ఆరు క్రిస్మస్‌లుగా రాహేలు ఇంట్లో తమ్ముడి కంచం బోర్లించే ఉంది. ఇన్నాళ్లకు సీమోనుకు కారు మళ్లీ రోడ్డెక్కించాలని పిచ్చి పుట్టింది.

సీమోను స్టూలుమీద కూర్చుని, ముందు చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపాడు. లొటలొటమంది.

"బేరింగా, భాయ్?"

టక్ టక్.

"రాహేలూ, బ్రేకు తొక్కు."

తొక్కింది. చక్రం ఇంకా ఊగుతూనే ఉంది.

"బ్రేకు పట్టినా ఊగుతుందంటే బేరింగు కాదు. చక్రాన్ని మోసే కింది పిన్ను పోయింది. ఊడదియ్ భాయ్."

టక్.

రాహేలు చాయ్ తెచ్చింది. మెకానిక్ గ్లాసులో అడక్కుండానే మూడు చెంచాల చక్కెర వేసి కలిపింది. సీమోను గ్లాసువైపోసారి, కాళ్లవైపోసారి చూశాడు.

"రేషన్ చక్కెర. జెర చూసి వెయ్" అన్నాడంతే.

గంట తర్వాత నల్లటి చెయ్యొకటి బయటికొచ్చి, పిన్నును సీమోను అరచేతిలో పెట్టింది. ఒకపక్క సగానికి సగం అరిగిపోయింది. దాని వెనకే, పిన్నుకు గ్రీజు ఎక్కించే బుల్లి గొట్టం కూడా వచ్చింది. దాని రంధ్రం ఎర్రరంగుతో పూడుకుపోయి ఉంది.

కార్ఖానాలో రంగులేసే సీమోను, ఆ ప్రమాదానికి ముందెప్పుడో తన చెల్లెలి పెళ్లికని కారుకు తనే రంగు కొట్టాడు. అందం కోసం అడుగుభాగం కూడా వదల్లేదు.

"ఒక్క చుక్క గ్రీజు లోపలికి పోలే" అని గొణిగాడు. "గుంజక ఏం జేస్తది బండి?"

రాహేలు చీరకొంగు వేలికి చుట్టుకుంటూ నిలబడింది.

సీమోను పిన్నును జేబులో వేసుకున్నాడు. వంగని కాలు ముందుకు చాపి, చక్రం పట్టుకుని మెల్లగా నేలమీదికి జారాడు. కారు కిందికి మెడ వంచాడు.

"తప్పు నాదే బామ్మర్దీ, బయటికి రా."