ఎవరు వేసిన లైటు

శుక్రవారం పొద్దు గూకింది. అరబ్బు దేశంలో, అబూ హలీఫాలోని ఆ పనివాళ్ళ గదిలో ఓబద్యా కంచం ముందు పెట్టుకుని చీకట్లోనే కూర్చున్నాడు.

"చీకటి పడిందిరా సురేషూ" అన్నాడు.

సురేష్ బాబు లేచి లైటు వేశాడు.

ఓబద్యా గుంటూరు వైపు మనిషి. యూదుడు. బయట ఎవరడిగినా కిరస్తానీనని చెప్పుకుంటాడు. గదిలో ఉండే ఇద్దరికే సంగతి తెలుసు. శుక్రవారం పొద్దు గూకింది మొదలు శనివారం చుక్కలు పొడిచేదాకా, విశ్రాంతి దినమని అతను స్విచ్చి ముట్టడు. వెయ్యమని ఇంకొకర్ని అడగనూ కూడదు. ముందే వేసి పెడదామంటే, రాత్రి డ్యూటీకి పోయే నయీమ్ అప్పటికి పడుకుని ఉంటాడు. కళ్ళ మీద వెలుగు పడితే ఆర్పేస్తాడు.

"అడగలేదు గానీ, అడిగినట్టే అయిందిరా" ఓబద్యా నొచ్చుకున్నాడు. "నా పాపం నీ చేత చేయిస్తన్నా."

"దేవుడికి వేరే పని లేదా బాబాయ్, స్విచ్చిలు చూస్తా కూచోటానికి? అసలుంటే గదా."

"నువ్వు కిరస్తానీవి, నీకు చెల్లుద్ది. మాలో పుట్టినోడికి అట్టా కుదరదు. నమ్మినా నమ్మకపోయినా కట్టుబడాల్సిందే."

సురేష్ బాబు నవ్వాడు. నయీమ్ వండిన రొయ్యల కూర ఓబద్యా ముట్టడు, వాళ్ళకు రొయ్యలు కూడదు. సురేష్ బాబూ ముట్టడు. తింటే దురదలొస్తాయంటాడు.

ఓబద్యా మనసు కుదుటపడలేదు. తర్వాతి గురువారం రబ్బీగారికి ఫోన్ చేశాడు. వాళ్ళ ధర్మశాస్త్రంలో ఏది తప్పో ఏది కాదో చెప్పే పెద్దాయన. ఓబద్యా ఎప్పుడూ ఆయన్ని చూడలేదు. చుట్టాలు నంబరిచ్చారు. తనకు చెవుడు కాబట్టి స్పీకరు పెట్టాడు.

"ఆ అబ్బాయి మనవాడు కాదు గదా?" అవతలి గొంతు అడిగింది.

"కాదయ్యగారూ. కిరస్తానీ."

"తన కోసం వేసుకుంటే ఆ వెలుగులో నువ్వూ తినొచ్చు. మనవాడు వేస్తే మాత్రం ముద్ద ముట్టకూడదు."

చొక్కా ఇస్త్రీ చేస్తున్న సురేష్ బాబు చెయ్యి ఆగిపోయింది.

"మంచి పిల్లాడిలా ఉన్నాడు. ఒకసారి ఫోనివ్వు, దీవిస్తాను."

ఓబద్యా ఫోను చాచాడు. సురేష్ బాబు తల అడ్డంగా ఊపి బయటికి వెళ్ళిపోయాడు.

మనవాడు కాదన్నందుకు మనసు కష్టపెట్టుకున్నాడేమో. ఓబద్యాకు ఆ రాత్రి కునుకు లేదు.

మర్నాడు పొద్దు గూకింది. ఓబద్యా కంచం ముందు కూర్చున్నాడు. సురేష్ బాబు స్విచ్చి దగ్గరికి వెళ్ళాడు. చెయ్యి ఎత్తాడు. దించాడు. పోయి నయీమ్‌ను తట్టాడు.

"నయీమ్ భాయ్, డ్యూటీ టైమైంది. లేచి లైటేసుకో."

"స్విచ్చి కాడ నిలబడుకోని నన్ను లేపుతావేందిరా? నీ చేతులకేమొచ్చె?"

సణుక్కుంటూనే నయీమ్ లైటు వేసుకున్నాడు. బట్టలు మార్చుకుని పోయాడు.

ఓబద్యా ముద్ద కలిపాడు. నోటికి పోలేదు.

"నా మీద కోపమొచ్చిందిరా నీకు."

"తిను బాబాయ్. ఇప్పుడు తప్పు లేదు."

దేవుడు లేడని వాదించి ఇల్లు వదిలాక, సురేష్ బాబు తన తండ్రి గొంతు మళ్ళీ వినడం నిన్న ఆ ఫోనులోనే.