ఆదివారం కాపలా

మంచు తోసే బండి వీధి మధ్య దారి చేసుకుంటూ వెళ్ళి, ఆ మంచునంతా తెచ్చి హారియట్ హోల్కమ్ ఉండే భవనం గుమ్మానికి అడ్డంగా పోసిపోయింది.

హారియట్ అద్దాల తలుపును భుజంతో నెట్టింది. కదల్లేదు. చేతికర్రతో పొడిచింది. ఊహూఁ. వీధికి అవతల సెయింట్ ఆస్వాల్డ్ చర్చి గంట మోగుతోంది. పదకొండున్నర దాటింది.

పిలిస్తే పలికేవాళ్ళు లేరు. ఆ భవనంలో మిగతావన్నీ ఆఫీసులే. ఆదివారం నాడు బఫెలో నగరం నడిబొడ్డున పావురాలు తప్ప ఎవరూ ఉండరు.

ఒకప్పుడు ఇలా కాదు. సరస్సు మీద వచ్చే ఓడలతో ఊరు బతికిన రోజుల్లో ఆ చర్చిలో కూర్చోడానికి చోటు దొరికేది కాదు. కుటుంబానికో బల్ల, బల్లకో చిన్న తలుపు, తలుపు మీద ఇత్తడి రేకులో ఇంటిపేరు. తర్వాత ఓడలు పోయాయి, మిల్లులు పోయాయి. జనం ఊరి పొలిమేరల్లో ఇళ్ళు కట్టుకుని, చర్చిలు కూడా అక్కడే కట్టుకున్నారు. ఇక్కడ ఇత్తడి పేర్లు మిగిలాయి. ఎండ కాసినప్పుడు నలుగురైదుగురు వస్తారు. ఇలా మంచు పడితే హారియట్ ఒక్కతే.

ఆ ఒక్కరూ లేకపోతే కుదరదు. ఎపిస్కోపల్ పద్ధతిలో పాదిరి ఒంటరిగా ప్రభు భోజనం జరపకూడదు. రొట్టె అందుకోడానికి ఇంకో మనిషైనా ఉండాలి.

అది జరగకపోతే ఏమవుతుందో చర్చి గుమ్మం పక్కనే రాతి మీద చెక్కి ఉంది. “ఏ ఆదివారమైనా మధ్యాహ్నంలోగా ఈ కప్పు కింద ప్రభు భోజనం జరగనిచో, ఈ నేల నా వారసులకు తిరిగి చేరును.” స్థలం ఇచ్చిన ఓడల షావుకారు ఎజ్రా పెన్హాలో పెట్టిన షరతు. ఆయన ఎప్పుడో పోయాడు. షరతు మాత్రం చావలేదు. చర్చికి పన్ను లేదు గానీ, వారసుల పేరిట పడితే ఆ పన్ను కట్టలేకే అమ్ముకోవాలి. అమ్మిన మర్నాడు అక్కడ కార్లు నిలిపే అంతస్తులు లేస్తాయి. హారియట్ భర్త వాల్టర్ అస్థికలు ఆ చర్చి గోడ గూట్లోనే ఉన్నాయి. పక్క గూడు ఆమెది.

అద్దం అవతల కెస్లర్ ప్రత్యక్షమయ్యాడు. ఆ స్థలం కోసం తిరుగుతున్న కంపెనీ మనిషి. ఏ ఆదివారమూ తప్పడు.

“గుడ్ మార్నింగ్, మిసెస్ హోల్కమ్. కాఫీ తెచ్చాను గానీ, ఎలా అందించను?”

“కాఫీ నువ్వే తాగు. పార తెచ్చి ఈ మంచు తవ్వు.”

“నా నడుం సంగతి మీకు తెలుసుగా.”

“నీ నడుముకేం? పోయినవారం టేపు పట్టుకుని చర్చి చుట్టూ పాకావుగా.”

కెస్లర్ నవ్వాడు. గడియారం చూసుకున్నాడు. “ఈ ఒక్క వారం ఇంట్లో కూర్చోండి. దేవుడేమీ అనుకోడు. మీ మంచికే చెబుతున్నా.”

“నీ మంచికి.”

“సరే, ఇద్దరి మంచికీ అనుకోండి.”

హారియట్ అద్దానికి నుదురు ఆనించింది. తమ్ముడు రసెల్ కూడా ఫోన్లో ఇదే పాట పాడేవాడు. “వదిలెయ్యి అక్కా. ఎవరికోసం ఈ కాపలా? ఆ రాయి నిన్ను మింగేస్తుంది.” దేశానికి అటు చివర ఆరెగాన్లో వాడి అంత్యక్రియలు ఒక శనివారం జరిగాయి. వెళ్తే ఆదివారం పొద్దుటికి తిరిగి రాలేకపోయేది. వెళ్ళలేదు. కిటికీ తీస్తే సముద్రం కనబడే ఇల్లు ఆమెకి వదిలిపోయాడు వాడు. దాని తాళంచెవి వంటగదిలో మేకుకి వేలాడుతూనే ఉంది.

ఆమె కర్ర తిరగేసి పట్టుకుని, దాని పిడితో అద్దాన్ని దబదబా బాదింది.

చర్చి తలుపు తెరుచుకుంది. ఫాదర్ టిల్‌మన్ తెల్లటి పూజ దుస్తుల్లోనే, చేత్తో పార పట్టుకుని, జారుతూ వచ్చాడు. దక్షిణాది జార్జియా నుంచి బదిలీ మీద వచ్చి రెండు నెలలు కాలేదు. ఇంత మంచు ఎన్నడూ చూసినవాడు కాదు.

“ఎక్కణ్ణుంచి మొదలెట్టాలమ్మా?”

“కిందనుంచి, ఫాదర్. ముందు నడుం వంచండి. అది శిలువ కాదు, పార.”

ఆయన వంచాడు. తలుపు జానెడు తెరుచుకుంది. హారియట్ పక్కకి తిరిగి, ఊపిరి బిగబట్టి, ఆ సందులోంచి బయటపడింది. ఆయన చెయ్యి పట్టుకుని వీధి దాటింది.

ఎప్పటిలాగే పైకోటు విప్పి, బల్ల తలుపు మీద, ఇత్తడి రేకు కనబడకుండా వేసింది. రొట్టె ఆమె అరచేతిలో పడిన కాసేపటికి గోపురం గడియారం పన్నెండు కొట్టింది. వెనక నిలబడ్డ కెస్లర్ వెళ్ళిపోయాడు.

ఫాదర్ టిల్‌మన్ వేళ్ళు రుద్దుకుంటూ వచ్చి ఆమె పక్కన కూలబడ్డాడు. “ఆ కెస్లర్‌ని అనుకుని ఏం లాభం లెండి. ఆ పెన్హాలో వారసులున్నారే, వాళ్ళననాలి. మీరెప్పుడు పడిపోతారా అని రాబందుల్లా కాచుకుని కూర్చున్నారు. వాళ్ళలో ఒక్కరికైనా మనసనేది ఉండదా?”

తమ్ముడు పోయాక పెన్హాలో వంశంలో మిగిలిన ఆ ఒక్క వారసురాలూ చేతికర్రకి అంటిన మంచు దులుపుకుంటూ, “వచ్చేవారానికి ఆ పార నా తలుపు లోపలే పెట్టి వెళ్ళండి, ఫాదర్,” అంది.