ప్లాస్టిక్ నాలుక

“మళ్ళీ పడిపోయింది నాన్నా.”

“ఏది?”

“రీడ్. తిత్తిలోకి.”

శ్రుతి బాబాయ్ పేపరు మడిచి బల్ల మీద పడేశాడు. బ్యాగ్‌పైప్‌లో గాలికి అదిరి స్వరం పలికే నాలుకలాంటి రీడ్ ఊడి తోలుతిత్తిలోకి జారిపోవడం ఆయన తన సర్వీసు మొత్తంలో ఎరగడు. ఈ పిల్ల పొద్దుటి నుంచి అప్పుడే రెండోసారి పడేసింది.

ఆయనకా పేరు పెట్టింది బ్యాండులో కుర్రకారు. భుజం మీద నిలబడే మూడు శ్రుతి గొట్టాలు పాట సాగినంతసేపూ ఒకే స్వరాన్ని పట్టుకుని ఉండాలి. ఆ విషయంలో ఆయన్ని మించినవాడు లేడు. ఆ సంగతి అందరికన్నా ఆయనకే బాగా తెలుసు. అందుకే, “వాన పడితే రెల్లు రీడ్లు గొంతు మార్చేస్తున్నాయి, ఇక అందరూ ప్లాస్టిక్‌వే పెట్టాలి, ఇష్టం లేనివాళ్ళు కవాతుకి రానక్కర్లేదు” అని కొత్త బ్యాండ్ మాస్టర్ అన్న రోజు నుంచి రిహార్సల్ మొహం చూడలేదు. బ్యాండులోంచి తీసేస్తే తీసెయ్యమన్నాడు. అన్నాడే గానీ, సాయంత్రమయ్యేసరికి బూట్లు తొడుక్కుని గుమ్మం దాకా వచ్చి, కాసేపు నిలబడి, మళ్ళీ విప్పేసేవాడు. ఇవాళ సాయంత్రంది ఆఖరి రిహార్సల్. దీనికీ వెళ్ళకపోతే ఆయన చోటు పోయినట్టే.

కూతురు ఎవరినడిగిందో ఏమో, మూడు ప్లాస్టిక్ రీడ్లు పట్టుకొచ్చి, ఒక్కసారి పెట్టి చూస్తానని ఆయన బ్యాగ్‌పైప్ విప్పి కూర్చుంది. చిన్నప్పుడు ఆయన దగ్గరే ఊదడం నేర్చుకుని, ఉద్యోగంలో చేరాక అదంతా గాలికొదిలేసిన పిల్ల.

“దారం చుట్టావా?”

“ఏ దారం?”

“మైనం దారమే. రీడ్ మొదట్లో చుట్టి బిగిస్తేనే గదా నిలబడేది.”

“ప్లాస్టిక్ కదా, అక్కర్లేదేమో అనుకున్నా.”

“ప్లాస్టిక్ అయితే? అదే పట్టుకుని కూర్చోడానికి దానికేమన్నా బుద్ధుందా?”

చెప్పడమే గానీ చెయ్యి పెట్టలేదు. చెయ్యి పెడితే ఒప్పుకున్నట్టే.

ఆమె తిత్తిలో చెయ్యి దూర్చి రీడ్ బయటికి లాగింది. దారం చుట్టింది. మూడూ బిగించి ఊదింది. ఒక గొట్టం ఎద్దులా రంకె వేసింది. ఇంకోటి కుయ్యిమని మూలిగింది. అన్నిటికన్నా పొడుగుది నోరే విప్పలేదు.

“చెప్పానా లేదా?” అన్నాడాయన, లోపల్లోపల సంతోషంగానే. “ప్లాస్టిక్ నాలుకకి ప్రాణం ఉండదు.”

“నాలుక మీద రబ్బరు పట్టీ జరపాలన్నారు. ఎటు జరపాలో మర్చిపోయా.” పట్టీని వెనక్కి లాగి ఊదింది. ఎద్దు ఈసారి ఇల్లు ఎగిరిపోయేలా అరిచింది.

“ఎటు లాగుతున్నావే? అటు లాగితే నాలుక పొడుగై ఇంకా గాలి తాగుతుంది. కొన వైపు జరుపు.”

“ఇలాగా?”

“దాన్ని కొన అంటారా? నీకసలు నేర్పింది నేనేనా?”

“మీ ఇద్దరూ కలిసి దాన్ని చంపేట్టున్నారు” అంది వంటింట్లోంచి భార్య.

కూతురు పట్టీ వేలితో టప్పుమని కొట్టి, లేచి నిలబడింది. “నావల్ల కాదు బాబూ. బ్యాండ్ మాస్టర్‌కి ఫోన్ చేసి చెప్పేస్తా, మా నాన్నవల్ల కాలేదని.”

“నావల్లేమిటే? నేను ముట్టుకున్నానా అసలు?”

“అదంతా వాళ్ళకెందుకు నాన్నా? శ్రుతి బాబాయ్ ఇంట్లో రీడ్లు పలకలేదంటే అంతే.”

ఆయనకి ఒళ్ళు మండిపోయింది. కూతురి మీదా, బ్యాండ్ మాస్టర్ మీదా, ఆ ప్లాస్టిక్ కనిపెట్టినవాడి మీదా కలిపి మండింది. “ఇలా ఇవ్వు” అని లాక్కున్నాడు.

ఆమె చుట్టిన దారమంతా విప్పి పారేసి మళ్ళీ చుట్టాడు. రెండు గొట్టాలకి బిరడాలు పెట్టి, మూడోదాన్ని ఒంటరిగా ఊదాడు. పట్టీని గోటితో వెంట్రుకవాసి జరిపాడు. మళ్ళీ ఊదాడు.

“గుర్తుపెట్టుకో. మామూలుగా ఊదితే పాడాలి. మరీ గట్టిగా ఊదితే నోరు మూసుకోవాలి.”

“ఈ ఇంట్లో ఇంకెవరికైనా ఆ పట్టీ పెట్టొచ్చా?” అంది భార్య.

ఆయన వినిపించుకోలేదు. రెండు చిన్న గొట్టాలనీ కలిపి ఊదుతూ, మధ్యలో వావ్ వావ్ మని కొట్టుకునే అల అణిగిపోయేదాకా వాటిని పైకీ కిందికీ జరిపాడు. పొడుగుదాన్ని వాటికి జత చేశాడు. మూడూ ఒక్క గొంతై గది నిండా నిలబడ్డాయి. ఏదో ఒకటి జారుతుందని ఎదురుచూస్తూ వాయించాడు. ఏదీ జారలేదు. అన్నం చల్లారిపోయినా ఆయన ఆపలేదు.

“రెల్లంత తియ్యగా లేదు” అని సణిగి, బూట్లు అందుకున్నాడు. “నువ్వు మళ్ళీ చెడగొట్టేలోపు పట్టుకుపోతున్నా.”

“మళ్ళీ ముట్టుకోన్లే నాన్నా” అంది కూతురు దిగాలుగా.

రిహార్సల్ హాల్లో అందరూ లేచి ఆయనకి చోటిచ్చారు. ఆయన తన రీడ్లు ఊది వినిపించాడు, కూతురు తిత్తిలో పడేసిన సంగతీ వర్ణించి చెప్పాడు. “పాపం, దానికి పట్టీ కొన ఎటో తెలీదు. మీలో ఎవరివైనా మొరాయిస్తుంటే మొహమాటపడకుండా ఇవ్వండి, చూసిపెడతా.”

ఎవరూ ఇవ్వలేదు. అందరూ బూట్ల వైపు చూసుకుంటున్నారు. ఆయనే ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి, ఊదించి, చెవి ఒగ్గి విన్నాడు. తప్పు దొరకలేదు. మళ్ళీ విన్నాడు. ఒక్క రీడ్‌లోనూ వెంట్రుకవాసి తేడా లేదు.

“ఎవరయ్యా వీటిని కూర్చోబెట్టింది?” అన్నాడు ఒప్పుకోలేక ఒప్పుకుంటూ. “చెయ్యి తిరిగినవాడే. ఎవడో చెప్పండి, ఓసారి కలుస్తాను.”

బ్యాండ్ మాస్టర్ గొంతు సవరించుకున్నాడు.

“మీ అమ్మాయే, బాబాయ్.”